మూడో అంతస్తు గాలి

ఆ భవనంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పై అంతస్తుల పిల్లలు మొదట స్విచ్చుల మావయ్య అన్నారు, వాళ్ళ అమ్మానాన్నలు అందుకున్నారు, చివరికి జీతం కాగితం మీద తప్ప అంతటా అదే స్థిరపడిపోయింది. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆయనకు ఒంటిమీద జెర్రి పాకినట్టుండేది. ఎక్కుతూ ఒకటి, దిగుతూ ఒకటి, దారిపొడవునా స్విచ్చులు కట్టేసుకుంటూ పోయేవాడు. ఒకసారి పళ్ళ డాక్టరు రోగి నోట్లో చెయ్యి పెట్టి ఉండగానే దీపాలార్పేసి, "అయ్యో, లోపలే ఉన్నారా! అరుపులు వినబడకపోతే పళ్ళన్నీ పీకేసి ఇంటికెళ్ళిపోయారనుకున్నా" అన్నాడట. ఆ మాట రెండు రోజులు లిఫ్టులో తిరిగింది. మావయ్య మాటలన్నీ అంతే. పొద్దున ఆయన నోటి నుంచి ఊడిపడితే సాయంత్రానికి ఏడో అంతస్తు చేరేవి.

భవనం మంచిదే. కింద మందుల షాపు, కిరాణా, చెప్పుల దుకాణం. మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు, ట్యూషన్ సెంటరు. రెండులో, మూడులో ఆఫీసులు. ఆ పైన ఇళ్ళు. కరెంటు తక్కువ తాగేలా మొదటి ఇటుక నుంచీ ఆలోచించి కట్టారు. డాబా మీద సోలార్ పలకలు, కిటికీలకు రెండు పొరల అద్దాలు, మనిషి కదిలితే వెలిగే దీపాలు. అన్నిటికీ గుండెకాయ నేలమాళిగలోని మెషీన్ రూము. అక్కడ మావయ్యది పెత్తనం.

ఇలాంటి కట్టడాలను పరీక్షించి గ్రేడు ఇచ్చేవాళ్ళు ఈ భవనానికి రెండో గ్రేడు ఇచ్చారు. ఓనరుకు అది ముల్లులా గుచ్చుకుంది. "ఎదుటి వీధి వాళ్ళకి మొదటిది వచ్చిందటయ్యా. మనకేం తక్కువ? ఒక్క మెట్టు ఎక్కించు, నీ ఫోటో గుమ్మంలో పెట్టిస్తా" అన్నాడు.

మావయ్య నెల రోజులు మీటర్ల ముందు కూర్చున్నాడు. ఎటు చూసినా లెక్క ఒకేచోటికి వచ్చి ఆగింది. బయటి గాలి. ప్రతి ఆఫీసులోకీ ఒక పెద్ద ఫ్యాను బయటి గాలిని లాగి పంపుతుంది. ఎండాకాలంలో ఆ గాలి నిప్పులకొలిమి. దాన్ని చల్లబరచడానికే సగం కరెంటు పోతోంది. లోపల అప్పటికే చల్లబడిన గాలిని మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటే ఆ ఖర్చంతా మిగులుతుంది కదా?

కట్టినవాళ్ళు ఇచ్చివెళ్ళిన పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. మూడో అంతస్తులో మనుషులు ఎక్కువ, అక్కడ బయటి గాలి తగ్గించకూడదు అని. మావయ్య అది చదివాడు. చదివి నవ్వుకున్నాడు. పుస్తకాలు రాసేవాళ్ళు ఎప్పుడూ పదిమందికి వంద విస్తళ్ళు వేయమంటారు అనుకున్నాడు. ఆ అంతస్తుకు బయటి గాలి తెచ్చే గొట్టంలోని రేకు తలుపును ముప్పాతిక వంతు మూసి, మళ్ళీ తెరుచుకోకుండా ఇనప తీగతో బిగించి కట్టాడు. ఏసీ నడుస్తుండగా కిటికీలు తెరిచే మహానుభావులు ఉంటారని కిటికీలకు మరలు దిగగొట్టాడు.

కరెంటు ఐదో వంతు తగ్గింది. మొదటి గ్రేడు వచ్చింది. గుమ్మంలో ఇత్తడి ఫలకం, దాని పక్కన మావయ్య ఫోటో. ఆయన భార్య ఆ ఫోటో చూసి, "పెళ్ళిలో కూడా ఇంత నవ్వలేదు మీరు" అంది.

మూడో అంతస్తులో ఉన్నది దస్తావేజులు, కోర్టు కాగితాలు టైపు చేసి ఇచ్చే ఆఫీసు. ఇరవై ఆరుగురు ఒకే హాల్లో కూర్చుంటారు. మధ్యాహ్నమయ్యేసరికి తల దిమ్ముగా ఉంటోందని, కళ్ళు మూతలు పడుతున్నాయని కొందరు చెప్పారు. మావయ్య వెళ్ళి చూశాడు. చల్లగానే ఉంది. "మెతుకులు బరువెక్కితే రెప్పలూ బరువెక్కుతాయి. దానికి నా దగ్గర మెషీన్ లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు మళ్ళీ అడగలేదు.

హాలు చివర మూలన, గోడవారగా ప్రూఫులు చూసే ఆమె కూర్చునేది. ముప్పై దాటిన మనిషి. నెమ్మదస్తురాలు. టైపు చేసిన ప్రతి కాగితం ఆమె ఎర్రపెన్ను కింద నుంచే బయటికి వెళ్ళాలి. ఆరేళ్ళుగా ఆమె కంట పడకుండా ఒక్క కామా కూడా దాటిపోలేదని పేరు. ఒకరోజు మధ్యాహ్నం మావయ్య అక్కడ దీపం మారుస్తూ నిచ్చెన మీది నుంచి చూస్తే, ఆమె తల ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వాలుతోంది. "ఏమ్మా కునుకులమ్మా, అన్ని కాగితాలకీ అవునవునని తలూపుతున్నావు, ఒక్కదానికీ కాదనవా?" అన్నాడు.

హాలు ఘొల్లుమంది. ఆమె మొహం ఎర్రబడింది. కానీ ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రానికి పేరు లిఫ్టెక్కింది.

తర్వాత నాలుగు నెలలకు ఒక కోర్టు కాగితంలో తేదీ తప్పు పడింది. ఎవరిదో ఇంటి కేసు దానివల్ల ఏడాది వెనక్కి పోయింది. తప్పు ఆమె పెన్ను కింద నుంచి దాటింది. మేనేజరు అందరి ముందూ నిలబెట్టి, "కునుకులమ్మ అని భవనమంతా కోడై కూస్తుంటే నేనే ఆలస్యంగా మేలుకున్నాను" అని ఆమెను పంపించేశాడు. మావయ్య అప్పుడు తలుపు దగ్గరే ఉన్నాడు. తన మాట మేనేజరు నోట విని చిన్న ముల్లేదో గుచ్చుకున్నట్టయింది. పని దగ్గర నిద్రపోతే ఎవరు ఊరుకుంటారులే అనుకుని కిందికి దిగిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. గ్రేడు మళ్ళీ పరీక్షించే రోజు దగ్గరపడింది. ఈసారి గాలి కూడా కొలుస్తారని కబురు వచ్చింది. మావయ్య ముందుజాగ్రత్తగా గాలి కొలిచే చిన్న మీటరు ఒకటి తెప్పించాడు. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చూపిస్తుంది. వెయ్యి లోపు ఉంటే మంచిది. వీధిలో పెడితే నాలుగువందల ఇరవై. పళ్ళ డాక్టరు దగ్గర ఏడువందలు. ట్యూషన్ సెంటరులో తొమ్మిదివందలు.

మూడో అంతస్తుకు వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. తలుపు దగ్గర పదహారువందలు. హాలు మధ్యలో రెండువేలు. గోడవారగా ఆ మూలకు నడుస్తుంటే అంకె ఆయన కన్నా ముందు నడిచింది. రెండువేల ఆరువందల నలభై.

అక్కడ కూర్చున్నది కొత్తాయన. ఆమె స్థానంలో పెట్టుకున్నారు. బలమైన మనిషి, పొద్దున్నే పరుగెత్తి వస్తాడని చెప్పుకుంటారు. ఆయన తల ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వాలుతోంది.

మావయ్య మళ్ళీ మీటరు చూశాడు. నిద్ర ఆమెది కాదు, ఆ కుర్చీది. ఆ కుర్చీకి అది అంటగట్టింది తను.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజే కిందికి పరుగెత్తి తీగ విప్పేశాడని చెప్తే బాగుండును. విప్పలేదు. మీటరు చెడిందేమో అనుకున్నాడు. మర్నాడు మళ్ళీ కొలిచాడు. ఆ రోజు మనుషులు ఎక్కువ వచ్చారేమో అనుకున్నాడు. మూడోరోజు మళ్ళీ కొలిచాడు. ఆమె నిజంగానే నిద్రమొహం అయ్యుండొచ్చు కదా అని కూడా అనుకున్నాడు. ఇలా తొమ్మిది రోజులు ఆ మీటరును జేబులో పెట్టుకుని, దొంగసొత్తు మోస్తున్నట్టు మెట్లెక్కుతూ దిగుతూ తిరిగాడు. ఇంట్లో జోకులు ఆగిపోయాయి. కంచంలో సగం అన్నం వదిలి లేచేవాడు.

పదోరోజు పొద్దున భార్య ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా, మనసులో బాగాలేదా? రెంటికీ మందు ఒకటి కాదు, చెప్పండి."

చెప్పాడు. రేకు తలుపు నుంచి నిచ్చెన మీది మాట వరకు అంతా చెప్పాడు. అంతా అయ్యాక, "ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?" అని అడిగింది.

"తెలీదు."

"తెలుసుకోలేదా?"

ఆయన జేబులోంచి మీటరు తీసి ఆమె ముందు పెట్టాడు.

"కాలు జారితే వెనక్కి తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మీరు రెండూ జారారు," అంది భార్య. "ముందెళ్ళి ఆ తలుపు తెరవండి. కూర్చుని ఏడవడానికి తర్వాత బోలెడు తీరిక."

ఆ పొద్దున్నే మావయ్య పటకారు తీసుకుని గొట్టంలోకి పాకాడు. తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తెంచేటప్పటికి వేళ్ళు చీరుకున్నాయి. రేకు తలుపు కిర్రుమని తెరుచుకుని గాలి మొహాన కొట్టింది. తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళి కిటికీల మరలన్నీ ఊడదీశాడు. ఎందుకని మేనేజరు అడిగితే, "రేపు చెప్తానండి, ముందు ఒకచోటికి వెళ్ళాలి" అన్నాడు.

మధ్యాహ్నానికి ఓనరు నుంచి పిలుపు. కరెంటు ఎంత నడుస్తోందో ఆయన ఫోనులోనే కనబడుతుంది.

"ఏమయ్యా, మీటరు గుర్రంలా పరుగెడుతోంది?"

మావయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓనరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. చెడ్డమనిషి కాడు. కానీ ఫలకం మీద మోజు.

"నేనెప్పుడైనా గాలి మూసెయ్యమన్నానా?"

"లేదండి. మెట్టెక్కించమన్నారు. ఎలాగని మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

"సరే, అయిందేదో అయింది. ఇన్‌స్పెక్షన్ ఇంకో వారమే కదా. ఆ ఒక్కరోజు వాళ్ళొచ్చినప్పుడు పూర్తిగా తెరువు. మామూలు రోజుల్లో సగం. గాలీ ఉంటుంది, గ్రేడూ ఉంటుంది. పాము చావదు, కర్ర విరగదు."

"మధ్యలో మనుషులున్నారండి. పరీక్షకి వచ్చేవాళ్ళకి నేను నిజం చెప్తాను. పాత రీడింగులు కూడా ఇస్తాను."

"నీ ఫోటో కూడా పోతుంది తెలుసా?"

"తీయించెయ్యండి. ఆ నవ్వు చూడలేకపోతున్నా."

ఓనరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, "వెళ్ళు, ఇప్పుడు నా ముందు ఉండకు" అన్నాడు.

మూడో అంతస్తు రిసెప్షన్ అమ్మాయి దగ్గర చిరునామా తీసుకుని మావయ్య ఆ సాయంత్రం ఎండ ఉండగానే వెళ్ళాడు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల ఇల్లు. ప్రూఫులు చూసే ఆమె అక్కడ అన్నావదినలతో ఉంటోంది. తలుపు తీసింది వదిన. చంకలో ఏడాది పిల్లాడు. ఎవరు కావాలో విని లోపలికి తిరిగి కేకేసింది. "కునుకులమ్మా! నీకోసం ఎవరో వచ్చారు."

మావయ్య గుమ్మం పట్టుకున్నాడు. ఈ ఇంట్లో ఆమె తప్ప తనను ఎరిగినవాళ్ళు లేరు. కానీ తన మాట తనకన్నా ముందే వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది.

ఆమె వచ్చింది. బాగా చిక్కిపోయింది. బట్టలుతికే షాపులో మడతలు పెట్టే పని చేస్తోందట, అప్పుడే వచ్చిందట. ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది. "మీరా, మావయ్యా! కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ మూలలో గాలి చాలలేదని, అది తను మూయడం వల్లనేనని, ఇప్పుడు కూర్చుంటున్న మనిషి కూడా కునుకుతున్నాడని, ఆమె తప్పు రవ్వంత లేదని. ఆమె వింటూ వింటూ మెల్లగా గోడకు ఆనుకుంది.

"నాకు తలకి స్కానింగు తీయించారు," అంది. "రక్తం మూడుసార్లు ఇచ్చాను. ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే మరి బద్ధకమే అన్నారు. మా మేనల్లుణ్ణి నేను ఎత్తుకోవడం లేదండీ. కునుకొచ్చి పడేస్తానేమోనని వదినకి భయం. నాకూ భయమే." కొంచెం ఆగి అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇవాళే అనబోయి ఆపుకున్నాడు. "పది రోజులైందమ్మా."

"పది రోజులు." ఆమె ఆ మాటను కాగితం మీద తప్పును చూసినట్టు చూసింది. "ఆ పేరు ఎవరు పెట్టారో కూడా తెలుసా?"

"నేనే కదమ్మా. నిచ్చెన మీద నుంచి."

"గుర్తుంది. మీరేమంటారో చూద్దామని అడిగాను." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "అప్పుడు నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా అంటారని నవ్వాను. మా వీధిలోనే మా ఆఫీసావిడ ఒకామె ఉంది. ఆమె మా వదినకి చెప్పింది. మీరొక పని చేయండి. ఇప్పుడు నాకు చెప్పిందంతా మా అన్నయ్యకీ వదినకీ చెప్పండి. మొదటి నుంచి. పేరుతో సహా."

అన్నయ్య కొట్టు నుంచి గ్రీజు చేతులతో పైకి వచ్చాడు. మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి చెప్పడం మొదటిదానికన్నా కష్టంగా ఉంది. అన్నయ్య అంతా విని, "అంటే మా చెల్లికి ఏ జబ్బూ లేదంటారు" అన్నాడు.

"లేదు బాబూ. నేను పెట్టిందే."

వదిన గది తలుపు దగ్గర పిల్లాణ్ణి చంకన వేసుకుని నిలబడింది. పిల్లాడు మేనత్త వైపు చేతులు చాచాడు. వదిన వాణ్ణి ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుంది. అది ఆమె చూసింది. మావయ్యా చూశాడు.

"మాట చాలదు మావయ్యా," అంది ఆమె. "మీరు మెట్లు దిగేదాకే ఉంటుంది. నాకు కాగితం కావాలి. మేనేజరుగారి సంతకంతో."

మర్నాడు మేనేజరు మొదట మండిపడ్డాడు. "గాలి మీది, గొట్టం మీది, మధ్యలో నేనెందుకు రాయాలి?" అన్నాడు. మావయ్య మీటరు తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. పాత రోజుల అంకెలు రాసిన చీటీ పక్కన పెట్టాడు. తనది తప్పని తను సంతకం చేసిన కాగితం దానిపక్కన పెట్టాడు. మేనేజరు కాసేపు వాటిని చూశాడు. తనకూ ఆ హాల్లో రోజూ మధ్యాహ్నం తలనొప్పే. సణుక్కుంటూనే రాసి ఇచ్చాడు.

మావయ్య ఆ ఉత్తరం తీసుకెళ్ళాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి చదివింది. సంచిలోంచి పెన్ను తీసింది. ఎర్రపెన్ను. "అనివార్య పరిస్థితుల దృష్ట్యా" అన్నచోట కొట్టేసి పైన "మా ఆఫీసులో గాలి చాలనందువల్ల" అని రాసింది. "తొలగించబడినారు" దగ్గర గీత గీసి "తొలగించాము" అని మార్చింది. ఒకచోట ఒత్తు పోయింది, పెట్టింది. తేదీ తప్పు పడింది, దిద్దింది. ఆమె చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"తిరిగి టైపు చేయించి తీసుకురండి."

మేనేజరు ఆ దిద్దుబాట్లు చూసి, "ఉద్యోగం కావాలంటుందా ఏమిటి?" అన్నాడు.

"అడగలేదండి. తప్పుల్లేని కాగితం అడిగింది."

"కావాలంటే రమ్మను. ఇంత చూపున్న మనిషి నాకు మళ్ళీ దొరకలేదు."

మూడోసారికి ఉత్తరం శుభ్రంగా వచ్చింది. ఆమె రెండుసార్లు చదివి, ఒక ప్రతి వదిన చేతికిచ్చి, ఒకటి తను దాచుకుంది. ఉద్యోగం మాట చెప్తే తల అడ్డంగా ఊపింది. "ఆ హాల్లో వాళ్ళ నవ్వు నాకింకా వినబడుతోంది. అక్కడికి రాను."

మావయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఇన్నాళ్ళూ గొంతులో ఆడుతున్న మాట అడగబోయాడు. ఆమె ముందే అందుకుంది.

"క్షమించానని ఇప్పుడు అనలేను. అబద్ధమవుతుంది. ఎప్పుడైనా అనిపిస్తే నేనే కబురు పంపుతాను. మీరు మాత్రం అడగడానికి రాకండి."

"రానమ్మా," అన్నాడాయన.

చెప్పిన రోజునే ఇన్‌స్పెక్షన్ జరిగింది. మావయ్య పాత అంకెలన్నీ వాళ్ళ చేతిలో పెట్టాడు. గ్రేడు రెండుకు కాదు, మూడుకు పడిపోయింది. ఫలకం తీసేశారు, ఫోటో తీసేశారు, గోడ మీద రెండు మేకులు మిగిలాయి. ఓనరు నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. పని నుంచి మాత్రం తీసేయలేదు. ఆ తర్వాత ఒకనాడు మెషీన్ రూములోకి తనే దిగివచ్చి, "గాలి తగ్గించకుండా కరెంటు తగ్గే దారి ఏదైనా ఉందా?" అని అడిగాడు. ఉంది. పడమటి కిటికీలకు ఎండ తగలకుండా బయట రెక్కలు పెట్టారు. బయటికి పోయే చల్లగాలి చల్లదనాన్ని లోపలికి వచ్చే వేడిగాలికి అంటించే యంత్రం ఒకటి డాబా మీద బిగించారు. ఎగబాకిన కరెంటులో సగం దిగివచ్చింది. మిగతా సగం దిగలేదు. మనుషులు ఊపిరి పీల్చడానికి ఆపాటి ఖర్చవుతుందని పుస్తకం రాసినవాళ్ళకు ముందే తెలుసు.

ప్రూఫులు చూసే ఆమె ఏదో అచ్చాఫీసులో చేరిందని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. అక్కడ పెద్ద పెద్ద కిటికీలున్నాయట. ఇంటి సంగతి, పిల్లాడి సంగతి ఆ అమ్మాయికి తెలియదు. మావయ్య అడగలేదు.

ఆయన ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం మూడింటికి మూడో అంతస్తుకు వెళ్ళి అన్ని మూలలా గాలి కొలిచి వస్తాడు. జోకులు తగ్గాయి. ఎప్పుడైనా ఒకటి నోటిదాకా వస్తే మింగేస్తాడు. ఇంటికి వెళ్ళగానే భార్య ఆయన మొహంలోకి చూస్తుంది, అడగదు. ఆయన తల అడ్డంగా ఊపుతాడు. కబురు ఇంతవరకూ రాలేదు.